కదలకుండా కదలడం: ఊహలో వేసిన అడుగు మెదడులో ఎక్కడ పడుతుంది?

ఈరోజు చరిత్రలోకి వెళ్లే ముందు మీతో ఒక చిన్న పని చేయిస్తా. బండి నడుపుతూ వింటున్నవాళ్లు మాత్రం చేయొద్దు, ఊరికే వినండి.

కళ్లు మూసుకోండి. మా గుర్రంకొండ కోట ఎక్కుతున్నారు. మదనపల్లె, పుంగనూరు వైపు వాళ్లకు ఈ కొండ తెలిసే ఉంటుంది. ఒక గుర్రం దీనికి కాపలా ఉండేదని, అందుకే ఆ పేరొచ్చిందని చెప్పుకుంటారు. తెలియనివాళ్లు మీ ఊరి కొండనే అనుకోండి. రంగిన్ మహల్‌ను కింద వదిలేసి పైకి నడవండి. డ్రోన్ షాట్‌లాగా మిమ్మల్ని మీరు బయటి నుంచి చూసుకోవద్దు. పాదం రాయి మీద ఆనడం, పిక్కలు లాగడం మీ ఒంట్లోంచే తెలియాలి. ఇప్పుడు భుజం మీద పాతిక కిలోల బియ్యం మూట కూడా పెట్టుకోండి. నడక నిదానించింది కదా?

మూట లేదు, కొండ లేదు. మరి ఎందుకు నిదానించింది?

ఇదే ప్రశ్న 1989లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జాన్ డెసెటి, మార్క్ జానెరోల బృందం వేసుకుంది. ఒక చోటికి నిజంగా నడవడానికి పట్టే సమయం, నడిచినట్టు ఊహించుకోవడానికి పట్టే సమయం దాదాపు సమానమని తేలింది. 25 కిలోల బరువు మోస్తూ నడిచినట్టు ఊహించుకోమంటే, ఊహలోని నడకకు ఎక్కువ సమయం పట్టింది. 1991లో అదే బృందం ట్రెడ్‌మిల్ మీద వేగం పెంచుకుంటూ పోతున్నట్టు ఊహించుకోమంది. మనుషులు కదల్లేదు. కానీ ఊహలో వేగం పెరిగేకొద్దీ గుండె కొట్టుకోవడం, ఊపిరి తీయడం రెండూ పెరిగాయి.

నేను కోడింగ్ నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి నాకు వెంటనే తోచింది డ్రై రన్. ప్రోగ్రాం మొత్తం వరుసగా నడుస్తుంది, చివర్లో అసలు పని మాత్రం జరగదు. మెదడు కూడా అంతే చేస్తోందా? చేస్తుంటే ఎంతవరకు వెళ్లి ఆగుతోంది? చేతిని కదిలించే మోటార్ కార్టెక్స్ దాకా ఊహ చేరుతుందా, లేక ముందే ప్లానింగ్ దగ్గర ఆగిపోతుందా? శాస్త్రవేత్తలు దీని మీద చాలా ఏళ్లు వాదించుకున్నారు.

1977లో స్వీడన్‌లో డేవిడ్ ఇంగ్వార్, ఫిలిప్సన్ మెదడులో రక్తప్రవాహం కొలిచారు. మెదడులో ఏ భాగం ఎక్కువ పని చేస్తే అక్కడికి రక్తం ఎక్కువ పోతుంది. కుడిచెయ్యి ముడుస్తూ తెరుస్తూ ఉన్నట్టు ఊహించుకోమంటే ముందుభాగం చురుకైంది. నిజంగా ముడిస్తే చేతిని కదిలించే భాగం చురుకైంది. 1980లో పెర్ రోలండ్ బృందం వేళ్ల కదలికను ఊహించుకోమని కొలిస్తే ప్లానింగ్‌తో సంబంధమున్న ఒక భాగం మాత్రమే వెలిగింది. అంటే ఊహ ప్లాన్ దగ్గరే ఆగుతుందన్నమాట. చాలామంది అక్కడితో విషయం తేలిపోయిందనుకున్నారు.

తేలలేదు. ఇక్కడ ఈఈజీ గురించి కొంచెం చెప్పాలి. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ తొలిసారి మనిషి తల మీద నుంచి మెదడు తరంగాలు పట్టాడు. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు దాన్ని నడిపే భాగం నుంచి మ్యూ అనే తరంగం పెద్దగా వస్తుంది. ఎందుకు పెద్దగా? బళ్లో పిల్లలంతా కలిసి ఎక్కాలు చదివితే వీధి చివరికి వినపడుతుంది. అదే పిల్లలకు తలా ఒక లెక్క ఇస్తే ఆ గొంతు విడిపోతుంది. పని జరుగుతోంది, కానీ బయటికి ఒకే రాగంగా వినపడదు. చెయ్యి కదిలించబోతే మ్యూ తరంగం అలాగే పడిపోతుంది. 1997లో ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో గెర్ట్ ఫుర్ట్‌షెల్లర్, క్రిస్టా నోయ్‌పర్ చూపించింది ఏమిటంటే, చెయ్యి కదిలించినట్టు ఊహించుకున్నా అది పడిపోతుంది, అదీ చేతికి సంబంధించిన ఆ చోటే.

ఇక్కడ కథలోకి మన హైదరాబాద్ వస్తుంది. రాజేశ్ రావు పుట్టింది మద్రాసులో. 1988 వరకు చదివింది కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయంలో. స్కాలర్‌షిప్ మీద టెక్సాస్‌లోని ఏంజెలో స్టేట్ యూనివర్సిటీకి వెళ్లి, తర్వాత రోచెస్టర్‌లో పీహెచ్‌డీ చేసి, 2000లో సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో చేరాడు. సింధు లిపి మీద 2009లో వచ్చిన చర్చ గుర్తుందా? ఆ పరిశోధనలో ఉన్న రావు ఈయనే. దాని మీద ఇంకో ఎపిసోడ్ చేయొచ్చు.

2010లో కై మిల్లర్, రావు, వాళ్ల సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. మూర్ఛ జబ్బుకు ఆపరేషన్ చేసే ముందు, జబ్బు ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడానికి డాక్టర్లు పుర్రె తెరిచి మెదడు ఉపరితలం మీద ఎలక్ట్రోడ్లు పెడతారు. అలాంటి 8 మంది ఈ ప్రయోగానికి ఒప్పుకున్నారు. బయటి నుంచి వినే ఈఈజీ కంటే ఇది చాలా స్పష్టం. చెయ్యి ముడవమన్నారు, నాలుక బయటపెట్టమన్నారు. తర్వాత కదలకుండా అదే ఊహించుకోమన్నారు. నిజం కదలికకు పనిచేసిన చోటే ఊహకూ పనిచేసింది. కాకపోతే బలం దాదాపు పావు వంతే.

అసలు ఆశ్చర్యం ఆ తర్వాత. ఆ ఊహతో స్క్రీన్ మీద కర్సర్ కదిలేలా పెట్టారు. తన ఆలోచనకు కర్సర్ జరుగుతోందని మనిషికి కంటికి కనపడుతోంది. పది నిమిషాలు కూడా కాకముందే ఊహ వల్ల వచ్చే సిగ్నల్ పెరిగి, నిజంగా కదిలినప్పటి దాన్ని కూడా దాటేసింది! నా దృష్టిలో ఈ పరిశోధనలో అన్నిటికన్నా గొప్ప విషయం ఇదే. ఫలితం కంటి ముందు కనపడితే మెదడు ఎంత తొందరగా నేర్చుకుంటుందో చూడండి.

తర్వాత 2013 ఆగస్టు 12. రావు తల మీద ఈఈజీ టోపీ పెట్టుకుని తన ల్యాబ్‌లో వీడియో గేమ్ ముందు కూర్చున్నాడు. ఫిరంగి పేల్చాల్సిన సమయంలో కుడిచెయ్యి కదిలించినట్టు ఊహించుకున్నాడు, నిజంగా కదలకుండా. ఆ సిగ్నల్ ఇంటర్నెట్ ద్వారా క్యాంపస్‌లో మరో వైపున్న ఆండ్రియా స్టాకోకు చేరింది. ఆయన నెత్తిన అయస్కాంత కాయిల్ ఉంది, స్క్రీన్ వైపు చూడటం లేదు. కాయిల్ మెదడును తట్టగానే ఆయన కుడిచేతి వేలు తనంతట తానే కీబోర్డు నొక్కింది.

దీన్ని టెలిపతీ అని షేర్ చేసినవాళ్లు చాలామంది. టెలిపతీ కాదు. పోయింది ఒక్క సమాచారమే: కాల్చు. అటు నుంచి ఇటు తిరుగు జవాబు లేదు. 2014లో మూడు జంటలతో చేస్తే సరిగ్గా జరిగింది జంటను బట్టి 25 నుంచి 83 శాతం. ‘మైండ్ పవర్’ కోర్సులు అమ్మేవాళ్లు ఈ అంకెలు చెప్పరు. అలాగని ఊహతో సాధన ఉత్తిదేం కాదు. 1995లో పాస్కువల్-లియోన్ బృందం రోజుకు రెండు గంటలు, ఐదు రోజులు పియానో సాధన చేయించింది. ఊహలో వాయించినవాళ్ల మెదడులోనూ వేళ్లను నడిపే భాగం విస్తరించింది. కానీ వేళ్లతో వాయించినవాళ్లే మెరుగ్గా వాయించారు. పక్షవాతం వచ్చినవాళ్లకు ఊహా సాధనను వ్యాయామంతో కలిపి చేయించేది అందుకే. వ్యాయామం మానేయడానికి అది సాకు కాదు.

ఆటలు, కర్సర్లు పక్కన పెడదాం. ఈ చరిత్రలో నన్ను ఎక్కువ కదిలించింది కేంబ్రిడ్జ్‌లో జరిగిన పని. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం 23 ఏళ్ల ఒక అమ్మాయిని స్కానర్‌లో పెట్టింది. రోడ్డు ప్రమాదం తర్వాత ఆమె కళ్లు తెరుస్తుంది, కానీ దేనికీ స్పందించదు. స్పృహ లేదని డాక్టర్ల నిర్ధారణ. టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమని ఆమెకు చెప్పారు. ఆరోగ్యవంతుల మెదడులో వెలిగే చోటే ఆమె మెదడులోనూ వెలిగింది. ఆమె వింటోంది, అర్థం చేసుకుంటోంది, చెప్పిన పని చేస్తోంది. పక్కన కూర్చున్న ఇంట్లోవాళ్లకు ఆ సంగతి తెలిసే దారే లేదు.

2010లో కేంబ్రిడ్జ్, బెల్జియంలోని లియేజ్ బృందాలు కలిసి ఇలాంటి 54 మందిని పరీక్షిస్తే 5గురిలో స్పందన కనపడింది. ఆ ఐదుగురిలో ఒక యువకుణ్ణి ఇంటి విషయాలే ప్రశ్నలుగా అడిగారు, మీ నాన్న పేరు ఫలానానా అని. అవునైతే టెన్నిస్ ఊహించుకో, కాదైతే ఇంట్లో గదులన్నీ తిరుగుతున్నట్టు ఊహించుకో అన్నారు. ఆరు ప్రశ్నల్లో ఐదింటికి సరైన జవాబొచ్చింది. ఆరోదానికి తప్పు జవాబు రాలేదు, అసలు ఏ జవాబూ రాలేదు. నిద్రపోయాడో, వినలేదో, చెప్పదలుచుకోలేదో, స్కానర్‌లో కనపడలేదు.