అభిప్రాయభేదం – సహోదరభావం

తాటిపాక, రాజోలు దాటి పడమటికి సాగితే వశిష్ఠ గోదావరి. ఆవలి ఒడ్డున నరసాపురం. విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఆంగ్లేయులు భార్యాసమేతంగా వచ్చి సువార్త ప్రకటించినది ఆ ప్రాంతముననే. 1836లో వారిని తోడ్కొనివచ్చినవాడు ఆంథనీ నారిస్ గ్రోవ్స్, పూర్వం దంతవైద్యుడు.

ఓడ ఎక్కబోవుచు, మార్చి 10న, ఆయన తన మిత్రుడు జాన్ నెల్సన్ డార్బీకి ఒక ఉత్తరం వ్రాసినాడు. ఇద్దరూ బ్రదరన్ సమాజపు తొలి పెద్దలే. చెడుగునుండి వేరుపడుటయే ఐక్యతకు మూలమని డార్బీ మతం. క్రీస్తునందలి జీవమే సహవాసానికి ప్రాతిపదిక గాని, సకల విషయాలలో ఏకాభిప్రాయం కాదని గ్రోవ్స్ వాదం. సోదరుల మేలును వదలుకొనుటకంటె వారి లోపాలను సహించుటే తనకు ఇష్టమన్నాడు. మందలింపు తీవ్రమే, మనసు మాత్రం స్నేహితునిదే.

ఆ ఉత్తరం చీలికను ఆపలేదు. 1848లో డార్బీ బ్రిస్టలులోని బెతెస్దా సంఘంతో తెగతెంపులు చేసికొన్నాడు. సమాజం రెండైనది. గోదావరి సంఘాలు గ్రోవ్స్ మార్గముననే నడచినవి.

ప్రేమతో చెప్పిన మాట ప్రతిసారీ గెలవదు. అయినను భేదించుట వేరు, వెలివేయుట వేరు. ఒకే ఊరిలో రెండు మూడు ప్రార్థనామందిరాలున్న మనకు ఈ వివేకం నేటికీ అవసరమే.