ఔషధం దేహంలో నడిచే దారి: పెన్సిలిన్ నుండి ఆరియోమైసిన్ వరకు

తొలకరి జల్లు పడగానే పెదకూరపాడు ప్రాంతపు నల్లరేగడి చేలల్లో లేచే మట్టివాసన మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది. ఆ వాసనకు ముఖ్య కారణం స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు. మన పాఠానికి కూడా అవే ఆధారం.

యాంటీబయాటిక్ క్రిమిని చంపుతుందా అన్నది సగం ప్రశ్న మాత్రమే. అది రక్తంలోకి ఎంత చేరుతుంది, ఎంతసేపు నిలుస్తుంది, ఏ దారిన బయటకు పోతుంది? 1940-41లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ బృందానికి ఎదురైన చిక్కు ఇదే. దీన్ని తేల్చడానికి కుందేలు బాగా ఉపయోగపడింది. దాని చెవి అంచున రక్తనాళం పైకే కనబడుతుంది కనుక, ఒకే జంతువు నుండి కొద్ది కొద్ది వ్యవధిలో పలుమార్లు రక్తం తీయవచ్చు. ఆ రక్తంలో మందు ఎంత ఉందో తెలుసుకోవడానికి హీట్లీ రూపొందించిన పద్ధతి ఎంత సులువైనదో గమనించండి: బాక్టీరియా పెరుగుతున్న పళ్లెంపై చిన్న గొట్టాన్ని నిలిపి అందులో ద్రవం పోస్తారు. చుట్టూ బాక్టీరియా పెరగని వలయం ఎంత పెద్దదైతే మందు అంత ఎక్కువ.

తేలిందేమిటి? పెన్సిలిన్‌ను జీర్ణాశయంలోని ఆమ్లం పాడుచేస్తుంది. సూదితో ఇస్తే మూత్రపిండాలు త్వరత్వరగా బయటకు నెట్టేస్తాయి. 1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు చికిత్స చేసినప్పుడు, అతని మూత్రం నుండే మందును తిరిగి తీసి మళ్లీ ఎక్కించారు. అయినా మందు చాలక అతడు మరణించాడు.

నోటి ద్వారా ఇవ్వగల మందు కోసం వెతుకులాట ఎందుకు సాగిందో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1940లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో చేరి, తరువాత అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించాడు. అక్కడే బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టి నమూనా నుండి బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్‌ను వేరుచేశాడు. ఆరియోమైసిన్ దాని నుండే వచ్చింది. డగ్గర్ అప్పటికే విశ్వవిద్యాలయం నుండి పదవీ విరమణ చేసి, డెబ్బై దాటినవాడు. నాబోటి విశ్రాంత ఆచార్యులకు ఈ సంగతి కొంత ఊరట!

మన పత్రికలు తరచు "ఆరియోమైసిన్‌ను సుబ్బారావు కనుగొన్నాడు" అని రాస్తాయి. పరీక్షలో మీరు అలా రాయవద్దు. కనుగొన్నది డగ్గర్, ఆ పరిశోధనకు సారథి సుబ్బారావు. ఆయన ఘనతకు ఇందువల్ల లోటేమీ లేదు.

ఆరియోమైసిన్ దారి వేరు. మింగితే పనిచేస్తుంది, పెన్సిలిన్ కంటే ఎక్కువసేపు రక్తంలో ఉంటుంది, పైత్యరసం ద్వారా కూడా బయటకు పోతుంది. కాల్షియంను పట్టుకునే గుణం వల్ల పాలతో తీసుకుంటే శోషణ తగ్గుతుంది, ఎదిగే ఎముకల్లో, పళ్లలో చేరుతుంది.

అయితే కుందేలులో కనబడినదంతా మనిషికి వర్తించదు. గడ్డిని పులియబెట్టే బాక్టీరియా దాని పెద్దపేగు మొదట్లోని సంచిలో ఉంటుంది. ఆంపిసిలిన్, లింకోమైసిన్ వంటివి నోటి ద్వారా ఇస్తే ఆ బాక్టీరియా నశించి, విషం పుట్టించే క్లాస్ట్రిడియం పెరిగి, కుందేలు చనిపోవచ్చు. పైగా అది తన మెత్తని పెంటికలను తానే తింటుంది కనుక, విసర్జించిన మందు కొంత మళ్లీ కడుపులోకే చేరగలదు. ఇంట్లో మిగిలిన మాత్రలను పెంపుడు కుందేళ్లకు వేసేవారు మీ ఊళ్లో ఉంటే, వారిని ముందు పశువైద్యుని దగ్గరకు పంపండి.

ఆరియోమైసిన్ 1948 చివరలో వాడుకకు అనుమతి పొందింది. సుబ్బారావు అదే సంవత్సరం ఆగస్టులో కన్నుమూశాడు.