ఒక నుక్తా, ఒక ఖరాద్, నర్సాపూర్ రోడ్డు

ఉర్దూలో ‘ఖుదా’ అని రాయాలంటే మొదటి అక్షరానికి నుక్తా పైన పెట్టాలి. అదే నుక్తా కింద పెడితే ‘జుదా’ అవుతుంది. దేవుడు కాస్తా ఎడబాటు అయిపోతాడు. మా ఉర్దూ మీడియం స్కూల్లో మౌల్వీసాబ్ ఈ ఒక్క తప్పుకే బెత్తం అందుకునేవారు. నలభై దాటాక ఆ బెత్తం మళ్ళీ గుర్తొచ్చింది, గండిమైసమ్మలో, మా భాంజా పనిచేసిన రేకుల షెడ్డు బయట.

భాంజా సీఎన్సీ లేత్ ఆపరేటర్. ఐటీఐలో టర్నర్ ట్రేడ్ రెండేళ్ళు చదివాడు. ఒక రాత్రి షిఫ్టులో ప్రోగ్రాం రాసే మనిషి లేడు, పొద్దుటికి మాల్ పోవాలి, సూపర్‌వైజర్ ఫోన్లోనే ‘నువ్వే మార్చెయ్’ అన్నాడు. వీడు మార్చాడు. టూల్ పనిముక్క నుంచి వంద మిల్లీమీటర్లు వెనక్కి జరగాలి. జెడ్ 100 అని కొట్టాడు, వంద తర్వాత చుక్క పెట్టలేదు. ఆ రకం కంట్రోల్‌లో చుక్క లేని అంకెను మైక్రాన్లుగా తీసుకుంటుంది. వంద మిల్లీమీటర్లు కాస్తా మిల్లీమీటరులో పదో వంతు అయింది. టూళ్ళున్న టరెట్ అక్కడే, పనిముక్కను ఆనుకున్నంత దగ్గర్లో, తిరిగింది. పొడుగాటి బోరింగ్ బార్ పోయి చక్‌ను కొట్టింది. నెల జీతంలో కోత పడింది, తర్వాత ‘రేపట్నుంచి రావద్దు’ అన్నారు.

‘ఒక్క నుక్తా మామూ’ అన్నాడు వాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

నేను అఖ్బార్ మనిషిని. ఇట్లాంటి మాట వింటే దాని వెనక తారీఖ్ వెతకడం అలవాటు. ఈ సంగతి తారీఖ్ అంతా ఒకే రోడ్డు మీద దొరుకుతుంది. బాలానగర్ చౌరస్తాలో మొదలై ఐడీపీఎల్, చింతల్, షాపూర్‌నగర్, సూరారం దాటి గండిమైసమ్మకొచ్చి దుండిగల్ వైపు పోయే నర్సాపూర్ రోడ్డు అది.

ముందు మా చిచ్చా సంగతి చెప్పాలి. 1972లో, పద్నాలుగేళ్ళ వయసులో, బాలానగర్‌లోని చిన్న కార్ఖానాలో షాగిర్ద్‌గా చేరాడు. మొదటి ఏడాది ఊడ్చడం, చాయ్ తేవడం, ఉస్తాద్ అడిగిన పానా అందించడం. ఆ తర్వాతే ఖరాద్ మీద చెయ్యి. లేత్‌ను మా ఇంట్లో ఖరాద్ అనే అనేవాళ్ళం. అరబ్బీలో ఖర్రాత్ అంటే చెక్కను, లోహాన్ని తిప్పుతూ చెక్కేవాడు. ఆ మాట ఫార్సీ మీదుగా వచ్చి ఇక్కడ ఖరాద్, ఖరాదీ అయింది. బీదర్ కళాకారులు పోతపోసిన బిద్రీ పాత్రను నునుపు చేసేది కూడా ఖరాద్ మీదే. చిచ్చా కొలతల్లో అన్నిటికన్నా చిన్నది ‘సూత్’, అంగుళంలో ఎనిమిదో వంతు. పక్క కార్ఖానాలో తెలుగు మేస్త్రీ దాన్నే ‘నూలు’ అనేవాడు. రెండు మాటలకూ అర్థం దారమే. డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు ఈ సంగతి తట్టి ఎంత ఖుషీ అయ్యానో చెప్పలేను.

ఈ షహర్‌లో పెద్ద కార్ఖానాలు నిజాం సర్కార్ జమానాలోనే లేచాయి. 1929లో పారిశ్రామిక ట్రస్టు ఫండ్ పెట్టారు. ఆ ఫండ్, అల్లావుద్దీన్ కంపెనీ కలిసి 1942లో ఆల్విన్ మెటల్ వర్క్స్ పెట్టాయి. మరుసటేడే, ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ వచ్చింది. యంత్రాలను చేసే యంత్రాలు, వాటికి కావలసిన పనిముట్లు ఇక్కడే తయారుకావడం మామూలు విషయం కాదు. సూది నుంచి రైలింజను దాకా ఏది చేయాలన్నా ముందు ఒక ఖరాద్ కావాలి.

అదే కాలంలో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూలో ఇంజినీరింగ్ చెబుతోంది. ఇంజినీరింగ్ కాలేజీ 1929లో మొదలైంది. 1917లోనే పెట్టిన దారుత్తర్జుమా సైన్సు మాటలకు ఉర్దూ మాటలు తయారుచేసింది. మా స్కూలు దాకా వాటిలో కొన్ని బతికొచ్చాయి. యాక్సిస్‌ను మేం ‘మెహ్వర్’ అని చదివాం. కాలేజీకొచ్చాక అది ‘అక్షం’ అయింది. భాంజాకు అది వట్టి ‘ఎక్స్’, ‘జెడ్’. అయితే నాకో షికాయత్ ఉంది. ఆ కితాబుల ఇల్మ్, కార్ఖానాలో ఖరాదీ చేతిలోని ఇల్మ్ ఎక్కడా సరిగ్గా కలుసుకోలేదు. కితాబులు రాసినవాళ్ళకు నూనె మరక అంటలేదు. ఖరాదీలకు కితాబ్ అందలేదు. పోలీస్ యాక్షన్ తర్వాత యూనివర్సిటీలో ఉర్దూ మాధ్యమమే పోయింది. చేతి హునర్ మాత్రం ఉస్తాద్ నోటి నుంచి షాగిర్ద్ చెవికి పోతూనే ఉంది, కాగితం మీద ఎక్కడా లేకుండా.

కాగితం మీద లేని మనిషికి ఏమవుతుందో ప్రాగా కేసు చెబుతుంది. 1963 డిసెంబరులో యాజమాన్యం ఒక యూనియన్‌తో ఒప్పందం రాసుకుంది. దాని ప్రకారం 92 మంది కార్మికులను తీసేయొచ్చు. బయటపడుతున్నవాళ్ళు ఆ ఒప్పందం చెల్లదని కోర్టుకెళ్ళారు. కంపెనీ వాటాల్లో 56 శాతం కేంద్ర సర్కారువి, 32 శాతం ఆంధ్రప్రదేశ్ సర్కారువి. ఎవరు చూసినా సర్కారీ కార్ఖానానే కదా అనుకుంటారు. 1969 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మాత్రం, వాటాలు ఎవరివైనా కంపెనీ కంపెనీయే, దాని ఉనికి వేరు, కాబట్టి దాని మీద రిట్ నడవదని తేల్చింది. ఈ తీర్పు లా విద్యార్థులకు ఇప్పటికీ పాఠం. ఆ 92 మంది ఏమయ్యారో ఏ పాఠంలోనూ ఉండదు.

ఈలోగా నర్సాపూర్ రోడ్డు నిండుతోంది. 1965లో చింతల్ దగ్గర హెచ్ఎంటీ వచ్చింది. గడియారాల హెచ్ఎంటీయే, కానీ ఇక్కడ చేసేది మెషిన్ టూల్స్. బాలానగర్‌లో 1968లో ఐక్యరాజ్యసమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టారు. షహర్‌లో దాన్ని సీఐటీడీ అంటేనే తెలుస్తుంది. పెద్ద కార్ఖానాల చుట్టూ వాటికి చిన్న పుర్జాలు చేసిచ్చే షెడ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. చిచ్చా కార్ఖానా అలాంటిదే. దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీకి 1967లో పునాదిరాయి వేసింది రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుసేన్. ఆయన పుట్టింది హైదరాబాద్‌లోనే. ఇది కాస్త పక్కదారే, అయినా విమానాల మాట ఊరికే తేలేదు. సీఎన్సీ మెషిన్ పుట్టింది కూడా విమానాల కోసమే.

అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కలు చేసేవాడు. వాటి వంపు చేత్తో పట్టడం కష్టం. వంపు మీది బిందువులను లెక్కగట్టి, ఆ అంకెలతోనే మెషిన్‌ను నడపాలన్నది ఆయన ఖయాల్. 1949లో అమెరికన్ వైమానిక దళం డబ్బిచ్చింది. ఎంఐటీ వాళ్ళు 1952లో చిల్లులు పొడిచిన కాగితపు టేపుతో నడిచే మిల్లింగ్ మెషిన్‌ను చూపించారు. తర్వాత కాగితం స్థానంలో కంప్యూటర్ వచ్చింది.

కానీ అదే రోజుల్లో ఇంకో తరీఖా కూడా ఉంది. ఉస్తాద్ మొదటి ముక్కను తన చేత్తో చేస్తాడు. ఆ చేతి కదలికలను మాగ్నెటిక్ టేపు మీద రికార్డు చేసి, మెషిన్ మళ్ళీ మళ్ళీ నడుపుతుంది. పాట రికార్డింగు లాగన్నమాట. అందులో ఉస్తాదే గాయకుడు. ఆ తరీఖా గెలవలేదు. ఎందుకు గెలవలేదన్నది చరిత్రకారుడు డేవిడ్ నోబుల్ 1984లో ఒక కితాబ్‌గా రాశాడు. రికార్డింగులో హునర్ కార్మికుడి దగ్గరే ఉంటుంది. అంకెల పద్ధతిలో అది పైగదిలోని ఇంజినీరు చేతికి పోతుంది. పైవాళ్ళకు కావలసింది అదేనని ఆయన వాదన. వంకరటింకర వంపులను చేత్తో చేసి రికార్డు చేయలేరు కదా అని జవాబు చెప్పేవాళ్ళున్నారు. అది నిజమే. అయినా భాంజా చేసేవి హెలికాప్టర్ రెక్కలు కావు. సాదా షాఫ్టులు, బుష్‌లు.

మరి హునర్ పూర్తిగా పైగదికి పోయిందా? షెడ్డు గుమ్మంలో నిలబడి చూశాను. ఆపరేటర్ పని పచ్చ బటన్ నొక్కడమే అనుకునేవాళ్ళు ఒక గంట అక్కడ నిలబడాలి. ముక్కను చక్‌లో బిగిస్తాడు, తలుపు మూస్తాడు, నొక్కుతాడు. పాల లాంటి కూలెంట్ నీళ్ళు అద్దం మీద కొడుతుంటాయి. లోపల ఏమీ కనబడదు, వినాలి. ఇన్సర్ట్ మొన అరిగితే శబ్దం మారుతుంది. పొట్టు రంగు మారుతుంది. అప్పుడు మైక్రోమీటర్‌తో కొలిచి టూల్ ఆఫ్‌సెట్‌లో రెండు మైక్రాన్లో అయిదో సర్దుతాడు. వేడి ముక్కను కొలిస్తే మోసపోతాం. నూరు మిల్లీమీటర్ల ఉక్కు ముక్క ఇరవై డిగ్రీలు వేడెక్కితే దాదాపు 24 మైక్రాన్లు సాగుతుంది. వేడిగా ఉన్నప్పుడు సరిపోయిన షాఫ్టు చల్లారాక సన్నబడి తిరస్కారానికి పోతుంది. ఎంత వేడికి ఎంత వదలాలో భాంజాకు వేళ్ళకు తెలుసు. జీ కోడ్‌లో అది ఎక్కడా రాసి ఉండదు. చిచ్చాకు సూత్‌లతో తెలిసింది వీడికి మైక్రాన్లతో తెలుసు, అంతే ఫరక్.

ఫరక్ ఇంకొకటి ఉంది. చిచ్చాను అందరూ ఉస్తాద్ అన్నారు. భాంజాను ‘లేబర్’ అంటారు. రికార్డులో వాడి పేరు షెడ్డు కింద లేదు, లేబర్ కాంట్రాక్టర్ కింద ఉంది. ముక్కలు బాగొచ్చినన్నాళ్ళూ ప్రోగ్రాం గొప్ప. కొట్టుకున్న రోజు మాత్రం వేలు వాడిది.

2025 దాకా అమల్లో ఉన్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం తిరగేశాను. కార్మికుడి నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే జీతంలో కోయొచ్చని అందులో ఉండేది. కానీ కోసేముందు సంజాయిషీ చెప్పుకునే మౌకా ఇవ్వాలని, జరిగిన నష్టం కన్నా ఎక్కువ కోయకూడదని కూడా ఉండేది. భాంజాను ఎవరూ ఏమీ అడగలేదు. ‘నువ్వే మార్చెయ్’ అన్న ఫోన్ సంగతి ఏ కాగితం మీదా లేదు. లేబర్ ఆఫీసుకు పోదాం, దరఖాస్తు నేను రాస్తానన్నాను. ‘ఇంకో షెడ్డులో పని దొరకాలి కదా మామూ’ అన్నాడు. ఈ రోడ్డు మీద ఎవరి పేరు ఎక్కడికి చేరుతుందో వాడికి నాకన్నా బాగా తెలుసు.

మౌలాలీలో హెచ్ఎంటీ బేరింగ్స్ ఉండేది. దాన్ని మూసేయడానికి 2016 జనవరిలో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. ప్రాగా కూడా తన పేరు పోగొట్టుకుని హెచ్ఎంటీలో కలిసింది. ఒకప్పుడు వాటిలో దొరికిన పర్మినెంట్ నౌకరీ, క్వార్టరు, క్యాంటీను కొత్త షెడ్లలో దొరకవు. దుండిగల్ గండిమైసమ్మ పేరుతో మండలం వచ్చిందీ 2016లోనే. గండి అంటే కట్ట తెగిన చోటు. తెగకుండా కట్టను కాసే తల్లి మైసమ్మ. బోనాలప్పుడు షెడ్ల కార్మికులంతా అక్కడే ఉంటారు, మా భాంజా లాంటివాళ్ళతో సహా.

పోయిన జుమ్మా నాడు నమాజ్ అయ్యాక ఇద్దర్నీ మా ఇంటికి ఖానాకు పిలిచాను. భాంజా తన నోట్‌బుక్ తెచ్చాడు. ఏ ఉక్కుకు ఏ ఇన్సర్ట్, ఎంత స్పీడ్, వేడి ముక్కకు ఎన్ని మైక్రాన్లు వదలాలి, అన్నీ రాసుకున్నాడు. అంకెలు ఇంగ్లీషువి, మాటలు తెలుగు, కొన్నిచోట్ల ఉర్దూ. చిచ్చా కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పాడు. ఆయనకు చదవడం అంతంతమాత్రం. ఒకచోట ఆగి, ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టిన చుక్కను వేలితో చూపించి, ‘యే క్యా హై రే?’ అన్నాడు.

‘అదే నానా’ అన్నాడు భాంజా.