"ఇది మన హెలెనేనా?"

2024 సెప్టెంబరు చివర్లో షార్లెట్‌లో ఉండే మా చెల్లెలు ఫోన్ చేసింది. "హెలీన్ వచ్చి కరెంటు పోయిందక్కా, అమ్మకి చెప్పకు" అంది. మా ఇంట్లో ఆ పని ఎవరికీ చేతకాదు. విన్న వెంటనే అమ్మ, "మన బందరుకొచ్చిన హెలెనేనా ఇది?" అని అడిగింది.

నవ్వొచ్చింది కానీ, చూస్తే అమ్మ ప్రశ్న అంత తీసిపారేయాల్సిందేం కాదు. 2013 నవంబరు 22న మచిలీపట్నం దగ్గర తీరం దాటిన తుఫాను హెలెనే. ఆ పేరు బంగ్లాదేశ్ ఇచ్చింది. జపాన్‌కి 1972లో ఒక హెలెన్ వచ్చింది. 2008లో ఆస్ట్రేలియాకి ఒకటి, 2014లో మడగాస్కర్ దగ్గర ఇంకొకటి. ఒక్కో సముద్రానికి ఒక్కో జాబితా మరి, ఒకరి పేరు ఇంకొకరు పెట్టుకోకుండా ఆపేదెవరు?

మన సముద్రంలో ఒకసారి వాడిన పేరు మళ్ళీ వాడరు. అట్లాంటిక్‌లో మాత్రం జాబితా ఆరేళ్ళకోసారి తిరిగొస్తుంది. హెలీన్ 2006లో, 2012లో, 2018లో కూడా వచ్చింది. ఎవరికీ పెద్దగా గుర్తులేదు. 2024లో రెండొందల మందికి పైగా చనిపోయాక ఆ పేరు తీసేసి హోలీ అని పెట్టారు.

అన్నట్టు, అమెరికా వాళ్ళు 1953 నుంచి తుఫానులన్నిటికీ ఆడవాళ్ళ పేర్లే పెట్టారు. ఫ్లోరిడాలో రాక్సీ బోల్టన్ అనే ఆవిడ దీని మీద గట్టిగా పోరాడారు. అట్లాంటిక్‌లో మగవాళ్ళ పేర్లు చేరడానికి 1979 దాకా పట్టింది. కొంప ముంచేది ఆడదే అని ఎవరు తేల్చారో!

ఇవన్నీ అమ్మకి చెప్తే, "మా ఉప్పెనకి ఏం పేరు పెట్టారు?" అంది. 1977 నవంబరు 19, దివిసీమ. సర్కారు లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. దానికి పేరే లేదు. అమ్మకి అప్పుడు పదిహేనేళ్ళు. ఊళ్ళో పిల్లల వయసు కూడా "ఉప్పెనకి ముందు పుట్టాడు, తర్వాత పుట్టింది" అనే చెప్పేవారట. నవంబరులో గాలి గట్టిగా వీస్తే అమ్మ ఇప్పటికీ బిందెలన్నీ నింపి పెడుతుంది.

నాలుగో రోజు చెల్లెలికి కరెంటొచ్చింది. ఫోన్ ఎత్తగానే అమ్మ తిట్లు మొదలుపెట్టింది. "తాగే నీళ్ళు పట్టి పెట్టుకున్నావా లేదా, ముందు అది చెప్పు!"