కోడిపిల్లలు, ఫోలిక్ ఆమ్లం: యల్లాప్రగడ సుబ్బారావు పోషక పరిశోధన

యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) పేరు చెప్పగానే శాస్త్ర చరిత్రకారులు 1925 నాటి భాస్వర నిర్ధారణ పద్ధతినే ముందుగా స్మరిస్తారు. పోషణ శాస్త్ర దృష్టితో పరిశీలిస్తే ఆయన కృషిలోని మరొక పాయ అంతకన్నా విలువైనదిగా తోస్తుంది.

భీమవరంలో జన్మించిన సుబ్బారావు యౌవనంలోనే ఇద్దరు సోదరులను స్వల్ప వ్యవధిలో కోల్పోయారు. ఆయనకూ స్ప్రూ వ్యాధి సోకింది. చిన్నప్రేగు పోషకాలను గ్రహించలేక రోగి క్షీణించి, రక్తహీనుడవుతాడు. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు.

1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరాక ఈ అన్వేషణ మనుషులపై కాక కోడిపిల్లలపైనా, లాక్టోబాసిల్లస్ కేసీ అనే సూక్ష్మజీవిపైనా సాగింది. కాలేయంలోని ఒక పదార్థం లోపిస్తే పిల్లలకు రక్తహీనత వచ్చేది. సూక్ష్మజీవి ఎదుగుదల ఆగిపోయేది. కోళ్ల పోషణ నిపుణుడు స్టోక్‌స్టాడ్‌తో కూడిన సుబ్బారావు బృందం 1945లో ఆ పదార్థాన్ని, అంటే ఫోలిక్ ఆమ్లాన్ని, సంశ్లేషించింది. ఒకప్పుడు ఆయనను పీడించిన స్ప్రూకు అది ఔషధమైంది. పెర్నిషియస్ రక్తహీనతలో మాత్రం నాడీ క్షీణతను ఆపలేకపోయింది. ఆ పని 1948లో వెలికివచ్చిన బి12దే.

అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు మరణించారు. ఆయన పర్యవేక్షణలో రూపొందిన ఆరియోమైసిన్ తయారీలో మిగిలే పదార్థాన్ని మేతలో కలిపితే కోడిపిల్లలు వేగంగా పెరుగుతాయని జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ ఆ తరువాత గుర్తించారు.