అమ్ముగూడ నుంచి ఉత్తరపారా దాకా

పోలీసులు వాడి పారేసిన పాత బూట్లతో చెప్పులు కుట్టే మనిషి ఓ జత తయారుచేసి ఇచ్చాడు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో తులసీదాస్ బలరాం ఫుట్‌బాల్ ఆట వాటితోనే మొదలైంది. 1936లో పేదింట్లో పుట్టిన కొడుకు సర్కారు కొలువు చేస్తే చాలనుకుంది తల్లి. కొడుకు ప్రాణమంతా బంతి మీదే.

ఆయన్ని గుర్తించింది సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులైన రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి ఆటగాళ్లు ఆ జట్టులోనే పేరు తెచ్చుకున్నారు. అక్కడ ఒకే జట్టును అంటిపెట్టుకోవడంలో అభిమానంతో పాటు బతుకుదెరువూ ఉంది. వేసుకునే చొక్కా, నెల జీతం రెండూ ఒకే గడప నుంచి వచ్చేవి.

బలరాం మాత్రం ఆ దారి పట్టలేదు. 1956లో సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ జట్టులో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టులో ఆడి, 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. ఎరుపు, పసుపు చొక్కాలో ఏడు సీజన్లలోపే వందకు పైగా గోల్స్ కొట్టారు. 1952 తర్వాత కలకత్తా లీగ్ టైటిల్ దక్కని ఆ క్లబ్బుకు 1961లో ఆయనే కెప్టెన్, టైటిల్ తిరిగొచ్చింది. మరుసటి ఏడాది రోవర్స్ కప్‌ను ఈస్ట్ బెంగాల్, ఆంధ్ర పోలీసు జట్లు పంచుకున్నాయి. ఆయన పుట్టిన నేల జట్టు, మెట్టినింటి జట్టు ఒకే కప్పు పట్టుకున్న ఆ ఘట్టం నాకెంతో ఇష్టం.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద ఆయన గోల్స్ చేశారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ ఉన్నారు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం. బెంగాల్ ఈ ముగ్గురినీ ఒక్క ఊపిరిలో తలుచుకునేది.

1963లో ఆయన బీఎన్ఆర్ (బెంగాల్ నాగపూర్ రైల్వే) జట్టుకు మారారు. ఆ రైల్వే పేరు విశాఖ వైపు పాతతరానికి కొత్త కాదు. అయితే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుని బలరాంకు ముప్పై నిండకుండానే ఆట ఆపాల్సి వచ్చింది. అంతటి కాళ్లకు అంత తొందరగా విశ్రాంతి రావడం తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

తర్వాతి బతుకు రైల్వే ఉద్యోగం, శిక్షణ, పిల్లల్లో ఆటగాళ్లను వెతకడం. పెళ్లి చేసుకోలేదు. మా విశాఖ వైపు కొండకర్ల ఆవ సరస్సుకు చలికాలం వచ్చే పక్షులు వేసవికల్లా సొంతగూటికి మళ్లిపోతాయి. బలరాం మళ్లలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలోనే ఉండిపోయారు. తన క్లబ్బూ తన దేశమూ తనను మరిచాయన్న నొప్పిని దాచుకోలేదు కూడా. చునీకి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ వచ్చింది. 1962లో అర్జున అవార్డు అందుకున్న బలరాంకు పద్మశ్రీ మాత్రం రాలేదు. ఇది మనం సరిదిద్దుకోవాల్సిన లోటని గట్టిగా నమ్ముతాను.

2020లో నెలన్నర లోపు తేడాతో పి.కె., చునీ వెళ్లిపోయారు. ముగ్గురిలో మిగిలిన ఆ ఒక్కరూ 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశారు.