ఆయుధమునకు కొయ్య పిడి

టెంఘరు పేటలో మగ్గముల చప్పుడు నడుమ పెరిగిన మన బిడ్డలకు కొయ్యను పరీక్షించుట ఎవ్వరును నేర్పనక్కరలేదు. నాడెను బొటనవ్రేలితో ఒకమారు నిమిరినచో దాని నునుపు, బరువు, ఎక్కడనైన పెళ్లు లేచినదా అను సంగతి తెలిసిపోవును. పిస్తోలుకు పిడి నెన్నుకొనువాడు చేయునదియు ఇదే. అయితే అక్కడ న్యాయము తారుమారు: నాడె జారవలెను, పిడి జారరాదు.

భివండీలోని మన కుటుంబములలో పెక్కు కరీంనగరము, నిజామాబాదు, నల్లగొండ, వరంగల్లు సీమలనుండి వచ్చినవే. ఆ నిజామాబాదు సీమలోనే కోనసముద్రమను గ్రామము కలదు. అక్కడి ఉక్కుకై పారశీక వర్తకులు అంత దూరమునుండి వచ్చుచుండిరని వాయ్సీ అను ఆంగ్లేయుడు వ్రాసెను. ఆ వ్రాత 1832లో అచ్చైనది. ఉక్కునకు దేశాంతరములలో పేరు వచ్చినది. కత్తికి పిడి తొడిగిన వడ్రంగి మాట మాత్రము చరిత్రలో అంతగా వినబడదు. ఇది నాకు చిరకాలముగా మనసున నాటుకొనియున్న సంగతి.

రాజుల పిడుల కథ వేరు. హైదరాబాదులో 1951లో ప్రారంభమైన సాలార్‌జంగు మ్యూజియములో జహంగీరు బాకును, నూర్జహాను పండ్లకత్తిని జేడు రాతి పనితనమునకు ఉదాహరణములుగా చూపుదురు. చూచుటకు కన్నుల పండువే. కాని చెమటపట్టిన అరచేతిలో నున్నని రాయి నిలుచునా? దినదినము ఆయుధము పట్టువానికి కొయ్యయే శరణ్యము. అది వేసవిలో చురుక్కుమనదు, చలిలో కొరకదు.

అమెరికావాడైన కోల్టు తన రివాల్వరుకు 1836లో పేటెంటు పొందెను. ఆయన పేర వెలసిన కంపెనీ 1873లో సైన్యమునకిచ్చిన రివాల్వరుకు అక్రోటు కొయ్య పిడి. 1911లో ఆ సైన్యము స్వీకరించిన పిస్తోలు పిడిపలకలపై సన్నని అడ్డగీతల గళ్లు చెక్కియుండెడివి. వ్రేలు జారకుండుటకు చేసిన ఆ గళ్లే కాలక్రమమున అలంకారమైనవి. ఇంకొక విశేషము గమనింపుడు. మరచీల చుట్టు మాత్రము గళ్లు చెక్కక వజ్రాకారముగా కొయ్యను విడిచిరి. రంధ్రము చుట్టు గళ్లు కోసినచో పలక అక్కడనే బలహీనపడును గదా! చూచువారు దానిని సొగసనుకొందురు. చెక్కినవాడు కొయ్య చీలునను భయముతో విడిచినాడు.

పిడికి ఏ కొయ్య తగును? బాగుగ ఆరిన చేవయే కావలెను. పచ్చికొయ్య ఆరుచు ముడుచుకొని ఇనుమునుండి విడిపోవును. మెలికలు తిరిగిన చారల కొయ్య కన్నుల కింపు గొలుపును గాని, ఆ మెలిక మరచీల చోట పడినచో అక్కడనే పగులును. మన అడవులలోని ఇరుగుడు, అదే జిట్రేగి, ఊదారంగు చారలతో గట్టిగా నుండును; పిడికి తగిన కొయ్య. నిర్మల బొమ్మలకు వాడు పొణికి తేలికైన మెత్తని కొయ్య. బొమ్మకు మంచిది, పిడికి పనికిరాదు. నెల్లూరు సీమ ఉదయగిరిలో నర్ది, బిక్కి, కల్ది, పాలబరికి వంటి కొయ్యలతో గరిటెలు, చెంచాలు చేయువారి చేతిలో పిడి చెక్కు నేర్పు నేటికిని కలదు. మెరుగుకు అవిసెనూనె మేలు. దట్టముగ పూసిన వార్నీషు చేతికి జారుడు తెచ్చును.

ఇంతటి కొయ్యయు నేర్పును ఉండగా మన వడ్రంగులకు పిస్తోలు పిడి పని ఏల విస్తరింపలేదు? ఆంగ్లేయుల ఏలుబడిలోని సీమలలో 1878 ఆయుధ శాసనము ఒక కారణమని నా అభిప్రాయము. ఆయుధము లైసెన్సు వస్తువైన పిమ్మట దానిపై చేయి వేయు పనివాని సంఖ్యయు తగ్గును. స్వతంత్ర భారతమున 1959 శాసనము వచ్చినను లైసెన్సు నిర్బంధము తొలగలేదు. ఏనుగు దంతపు వర్తకమునకు నిషేధములు వచ్చినవి. ఇరుగుడు జాతి కొయ్యల అంతర్జాతీయ వర్తకము 2017 నుండి నియమబద్ధమైనది. రబ్బరు, ప్లాస్టిక్కు పిడులు సర్వసాధారణమైనవి.

ముంబయి వెళ్లినపుడు 1922లో తెరచిన పూర్వపు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియములో ఆయుధశాలను పిల్లలకు చూపుడు. అక్కడ అక్బరు కవచము కలదు. అందరును దానియొద్ద గుమిగూడుదురు. మీరు కొంచెము ప్రక్కకు జరిగి, కత్తుల అలుగులను గాక, పిడులను చూడుడు.